దోమను చంపితే పాపమా? – మన ద్వీప చరిత్రలో ఒక పాత ప్రశ్న

2024లో మారిషస్‌లో డెంగ్యూ జ్వరాలు ప్రబలిన రోజుల్లో ఒక సాయంత్రం మా వీధిలో పొగమందు కొట్టి వెళ్ళారు. కిటికీ దగ్గర నిలబడి అంతా చూసిన మా తొమ్మిదేళ్ళ మనవడు నా దగ్గరకు వచ్చి, "తాతా! చీమను కూడా తొక్కకూడదని నువ్వే చెప్పావు కదా. మరి దోమలను చంపితే పాపం కాదా?" అని అడిగాడు. నలభై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. అయినా వెంటనే సమాధానం తోచలేదు. "రేపు చెబుతాలే" అని తప్పించుకున్నాను.

ఆ రాత్రి ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. ఇది మా మనవడి ప్రశ్న మాత్రమే కాదు. కోరంగి రేవు నుంచి, విశాఖ, గోదావరి మండలాల నుంచి ఓడలెక్కి ఈ చెరకు దీవికి చేరిన మన పూర్వులందరి జీవితాల్లోనూ ఈ ప్రశ్న ఉన్నది. మన జాతిని ఇక్కడ తుడిచిపెట్టబోయింది ఒక దోమే. ఆ దోమ గుట్టు మొదట బయటపడినది మన తెలుగు నేల మీదనే. కనుక ఈ సంచిక పాఠకులకు, ముఖ్యంగా మన యువతీ యువకులకు, ఆ చరిత్రను నాకు తెలిసినంతలో విన్నవించడం నా విధి అనుకున్నాను.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఏడెనిమిదేళ్ళ వయసులో నేను తూనీగలను పట్టి తోకకు దారం కట్టి ఎగరేసేవాణ్ణి. ఎస్టేటు క్యాంపులో పిల్లలందరికీ అదే ఆట. ఒకరోజు మా నాయనమ్మ చూసింది. కొట్టలేదు, తిట్టలేదు. చేతిలోని దారం తెంపి, దగ్గర కూర్చోబెట్టుకుని మాండవ్య మహర్షి కథ చెప్పింది. ఆమెకు అక్షరం రాదు. అయినా భారతమంతా నోటికి వచ్చు.

ఆ కథ మన పెద్దలకు తెలిసినదే. మాండవ్యుడు మౌనవ్రతంలో ఉండగా దొంగలు వచ్చి ఆయన ఆశ్రమంలో దాక్కున్నారు. రాజభటులు ఆయననూ దొంగగా భావించి పట్టుకుపోయారు. రాజు కొరత వేయించాడు. తపోబలం వల్ల ప్రాణం పోలేదు గాని శూలపు ముక్క శరీరంలోనే మిగిలిపోయింది. తరువాత ఆయన యమధర్మరాజు దగ్గరకు వెళ్ళి, తాను చేసిన పాపమేమిటని నిలదీశాడు. చిన్నతనంలో పురుగుల తోకల్లో గడ్డిపరకలు గుచ్చి ఆడుకున్నావు, దాని ఫలితమే ఇది అన్నాడు యముడు. తెలియని వయసులో చేసిన చిన్న తప్పుకు ఇంత శిక్షా అని మహర్షి ఆగ్రహించాడు. శూద్ర స్త్రీకి పుట్టమని ధర్ముణ్ణే శపించాడు. ఆ శాప ఫలమే విదురుని జననం. అంతటితో ఆగక, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు చేసినది పాపం కింద లెక్కకు రాదని కొత్త కట్టడి కూడా చేశాడు.

ఈ కథలో రెండు న్యాయాలు ఉన్నాయి. పురుగుకు కూడా బాధ ఉంటుంది, ఆటకోసం దాన్ని హింసించడం నేరమే. అది మొదటిది. తప్పుకు తగినంతే శిక్ష ఉండాలి, మితిమీరితే ధర్మదేవతకైనా శాపం తప్పదు. ఇది రెండవది. మా నాయనమ్మ మొదటిదే చెప్పింది. రెండవదాని విలువ నాకు చాలా ఏళ్ళ తరువాత గాని అర్థం కాలేదు.

మన ప్రాచీనులు ఈ విషయాన్ని ఎంత లోతుగా ఆలోచించారో చూడండి. అనుశాసనిక పర్వంలో, బండి చప్పుడు విని దారి మీద పరుగెత్తుతున్న ఒక పురుగును వ్యాసుడు పలకరిస్తాడు. నీ బతుకు కూడా ఒక బతుకేనా, దానికింత ఆరాటమా అన్న ధోరణిలో ఆయన అడిగితే, ఎవరి ప్రాణం వారికి తీపి అన్న అర్థంలో అది జవాబిస్తుంది. శ్రీకాళహస్తి క్షేత్రం పేరులో మొదటి అక్షరం సాలెపురుగుదే. ఏనుగుతో, పాముతో సమానంగా దానికీ శివుడు మోక్షమిచ్చాడని మనవారి నమ్మకం. జైన మునులు వానాకాలం నాలుగు నెలలు ప్రయాణం మానుకుని ఒకచోట ఉండిపోయేది, తడినేల మీద పుట్టే సూక్ష్మజీవులు కాలికింద పడకూడదనే. బౌద్ధ భిక్షువు వెంట ఉంచుకునే కొద్ది వస్తువుల్లో నీళ్ళు వడకట్టుకునే గుడ్డ ఒకటి. కొలనుపాకలో జైనం, అమరావతి, నాగార్జునకొండల్లో బౌద్ధం శతాబ్దాలపాటు వర్ధిల్లిన నేల మనది. జీవహింస వద్దన్న అశోకుని ఆజ్ఞ కర్నూలు సీమలో ఎర్రగుడి బండమీద నేటికీ కనిపిస్తుంది. ఉత్తరదేశంలోని తన స్తంభశాసనంలో, పట్టాభిషేకమైన 26వ ఏట, ప్రాణులున్న ఊకను కాల్చరాదని కూడా ఆ చక్రవర్తి శాసించాడు.

అయితే మునికి చెల్లినది గృహస్థుకు చెల్లదు. ఈ సంగతి మనవారికి బాగా తెలుసు. మనుధర్మశాస్త్రం ప్రతి ఇంటిలోనూ ఐదు హింసాస్థానాలు ఉన్నాయంటుంది. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ళబిందె. వంట చేసినా, ఊడ్చినా, దంచినా ఏదో ఒక ప్రాణి పోతుంది. అందుకు ప్రాయశ్చిత్తంగా ఐదు యజ్ఞాలు చెప్పారు. అందులో భూతయజ్ఞం అంటే కాకులకు, కుక్కలకు, క్రిమికీటకాలకు ఇంత మెతుకు పెట్టడమే. వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గు పెడితే చీమలకు ఆహారమవుతుందని మన ఆడవాళ్ళు అనేది ఈ భావంతోనే. అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడు కూడా ఇదే చెబుతాడు. నాగలి సాలులో ఎన్ని ప్రాణులు చస్తున్నాయో చూడు, హింస లేని బతుకు ఎవరిది అని బ్రాహ్మణుణ్ణి ప్రశ్నిస్తాడు. అంటే, చంపకుండా ఎవరూ బతకలేరు. కాని చంపుతున్నామన్న ఎరుక ఉండాలి, ఆ ఋణం తీర్చుకోవాలి. మన పూర్వులు తమ మూటల్లో ఈ దీవికి తెచ్చుకున్న ధర్మం ఇదే.

ఇక ఈ దీవి సంగతికి వద్దాం.

పురుగుల మీద పోరాటానికి మారిషస్ చరిత్రలో ఒక విశిష్ట స్థానం ఉన్నది. ఫ్రెంచివారి పాలనలో ఈ ద్వీపం పంటలను ఎర్రమిడుతలు నాశనం చేస్తుండేవి. 1762లో వారు భారతదేశం నుంచి గోరువంకలను తెప్పించి ఇక్కడ వదిలారు. అవి మిడుతలను తిని పంటలను కాపాడాయి. ఒక పురుగును అణచడానికి దాని శత్రువును మరొక దేశం నుంచి తెచ్చి గెలిచిన తొలి ఉదాహరణగా శాస్త్రజ్ఞులు దీన్ని చెప్పుకుంటారు. క్రియోల్లో మనం 'మార్తెన్' అని పిలిచే పిట్ట అదే. మన ముత్తాతలకంటే డెబ్బై ఏళ్ళు ముందుగా వచ్చిన ప్రవాస భారతీయురాలు ఆ గోరువంక!

1834 నుంచి 1910 దాకా సుమారు నాలుగున్నర లక్షలమంది భారతీయులు ఒప్పంద కూలీలుగా పోర్ట్ లూయీ రేవులో దిగారు. వారిలో తెలుగువారిని 'కోరంగీలు' అన్నారు. బయలుదేరిన రేవు పేరే జాతి పేరైంది. మన్యపు జ్వరం అంటే ఏమిటో వారికి తెలుసు. కాని వారు వచ్చిన కొత్తలో ఈ దీవిలో ఆ జ్వరం లేదు. 1860ల నడిమి వరకు ఇక్కడ మలేరియా లేదంటే నేటి పిల్లలకు ఆశ్చర్యం కలగవచ్చు. చెరకు కోసం అడవులు నరికారు. నీరు నిలిచే పల్లాలు పెరిగాయి. ఓడల రాకపోకలతో అనాఫిలిస్ దోమ ఆఫ్రికా వైపు నుంచి వచ్చి చేరింది. రోగి ఒంట్లోని క్రిమికి వాహనం దొరికింది.

1866లో మొదలైన జ్వరం 1867లో కార్చిచ్చులా వ్యాపించింది. మూడు లక్షల పైచిలుకు జనాభా ఉన్న ద్వీపంలో ఆ ఒక్క ఏడాదే దాదాపు 32,000 మంది మలేరియాతో మరణించారు. రమారమి పదిమందిలో ఒకరన్నమాట. క్వినైన్ కొరత ఏర్పడి ధర ఆకాశాన్నంటింది. కలిగినవారు పోర్ట్ లూయీ విడిచి చల్లని ఎత్తు ప్రదేశాలకు తరలిపోయారు. క్యూర్‌పైప్ పట్టణం పెరిగినది అలాగే. కూలీ ఎక్కడికి పోతాడు? క్యాంపు విడిస్తే చట్టం ఒప్పుకోదు. చెడుగాలి వల్ల జ్వరం వస్తుందని కొందరు, కూలీలే తెచ్చారని మరికొందరు అన్నారు. చెవి దగ్గర పాడుతున్న దోమను మాత్రం ఎవరూ అనుమానించలేదు.

అనుమానించినవాడు ముప్ఫై ఏళ్ళకు సికిందరాబాదులో తేలాడు. రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు బేగంపేటలో చిన్న ఆసుపత్రి గదిలో సూక్ష్మదర్శిని ముందు కూర్చుని వేసవి ఉక్కలో దోమల పొట్టలు కోసి చూస్తుండేవాడు. పంకా వేస్తే కోసిన దోమ ఎగిరిపోతుందని పంకా కూడా వద్దనుకున్నాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమలచేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు. కుట్టిన ప్రతి దోమకూ అతనికి ఒక అణా ఇచ్చారు. 1897 ఆగస్టు 20న మచ్చల రెక్కల దోమ కడుపు గోడలో రాస్‌కు మలేరియా క్రిమి కనబడింది. ఆ తేదీనే ఇప్పుడు ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బేగంపేట భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో ఆయన పేరుతోనే ఉన్నది. మనలో స్వదేశ యాత్రకు వెళ్ళేవారు తిరుపతి, సింహాచలంతోపాటు ఒక్కసారి దాన్ని కూడా చూసి రావాలని నా మనవి.

ఆ రాస్ 1907 చివరలో మన మారిషస్‌కు వచ్చాడు. ఇక్కడ మలేరియా నివారణ ఎలాగో చెప్పమని ఆంగ్ల ప్రభుత్వం పంపింది. ఎస్టేటు క్యాంపుల్లో, బడుల్లో పిల్లల పొట్టలు తడిమి, 'బల్ల' పెరిగినవారెందరో లెక్కవేయించాడు. 1908లో నివేదిక సమర్పించాడు. చిత్తడి నేలల్లో నీరు తీసివేయడం, వాగుల గట్లు బాగుచేయడం, దోమల పనికి ప్రత్యేక సిబ్బందిని పెట్టడం, పిల్లలకు క్వినైన్ ఇవ్వడం అందులోని ముఖ్య సూచనలు. ఆ నివేదికలోనే ఆయన ఒక లెక్క కట్టాడు. మలేరియా పోవాలంటే దోమలన్నిటినీ తుదముట్టించనక్కరలేదు. వాటి సంఖ్యను ఒక హద్దుకు దిగువకు తెస్తే చాలు, రోగం తనంతట తానే ఆగిపోతుంది. చాలామందికి అప్పుడు ఆ మాట నమ్మశక్యంగా తోచలేదు. నా దృష్టిలో మాత్రం అది వైద్యశాస్త్రంలోని మాట మాత్రమే కాదు, ధర్మశాస్త్రంలోని మాట కూడా. ఎంత అవసరమో అంతే!

మా నాయనమ్మ తొలి కాన్పు బిడ్డ ఆ జ్వరంతోనే పోయాడు. ఆ పిల్లవాడి పేరు ఇంట్లో ఎవరూ తలచేవారు కాదు. 1949 నుంచి మూడేళ్ళపాటు ప్రభుత్వం ద్వీపమంతటా ఇంటింటికీ డి.డి.టి. కొట్టించింది. మందు పంపులు భుజాన వేసుకుని మనుషులు మా క్యాంపుకు వచ్చినప్పుడు నాకు ఐదేళ్ళు. చీమలకు పిండి చల్లే నాయనమ్మ, తరువాత తూనీగ కోసం నాకు మాండవ్యుని కథ చెప్పిన ఆ నాయనమ్మ, అందరికంటే ముందు తలుపు తీసింది. దేవుని పటాలు, వంటపాత్రలు తానే బయటపెట్టి, "మూలమూలా కొట్టండి నాయనా" అన్నది. గోడలమీద తెల్లని పొడి కట్టిన గుర్తు నాకింకా ఉన్నది. ఆ సాయంత్రం ఆమె దీపం పెట్టి చాలాసేపు కూర్చున్నది. ఏమని మొక్కుకున్నదో నాకు తెలియదు.

ఫలితం చరిత్రకెక్కింది. 1940ల నడుమ ముప్ఫై మూడేళ్ళ దగ్గర ఉన్న సగటు ఆయుర్దాయం 1950ల తొలినాళ్ళకు యాభైకి చేరువైంది. మలేరియా ఒక్కటే దానికి కారణం కాకపోయినా, పెద్ద కారణం అదే. ఇళ్ళలో వాలే ఫ్యూనెస్టస్ జాతి దోమ ద్వీపం నుంచే అదృశ్యమైంది. 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మారిషస్‌ను మలేరియా లేని దేశంగా ప్రకటించింది. కాని 1975లో జెర్వేజ్ తుపాను తరువాత జ్వరం మళ్ళీ తల ఎత్తి 1982 నాటికి ఏడాదికి ఆరువందల పైచిలుకు కేసులకు చేరింది. రెండవసారి పోరాడవలసి వచ్చింది. 1990ల చివరికి ఇక్కడ సోకే మలేరియా మళ్ళీ ఆగిపోయింది.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ఇంటి బయట తిరిగే రెండవ జాతి అనాఫిలిస్ దోమ ఈ దీవిలో ఇప్పటికీ ఉన్నది. దోమ ఉన్నది, మలేరియా లేదు! రాస్ కట్టిన లెక్క నిజమని మన దీవే రుజువు చేసింది. మనకు శత్రువు దోమ జాతి కాదు, దాని కడుపులోని క్రిమి, మన పెరట్లో నిలిచిన నీరు.

హద్దు దాటితే ఏమవుతుందో మన పూర్వుల నేలే చూపించింది. తెలుగునాట పత్తిరైతులు పురుగు కనబడినా మందు, కనబడకపోయినా మందు అన్నట్లు కొడుతూ వచ్చారు. ఆ మందులు పురుగులను తినే సాలీళ్ళను, అక్షింతల పురుగులను ముందు చంపాయి. పంటను తినే పురుగు మందుకు అలవాటుపడింది. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని ముంచేసింది. అప్పులపాలై రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 1997–98లో వరంగల్ ప్రాంతంలో పచ్చపురుగు, లద్దెపురుగు విరుచుకుపడ్డాయి. వందలాది రైతులు ఆత్మహత్య చేసుకున్నారు. చాలామంది తాగినది పురుగు చావని ఆ మందే. ఇంతకంటె విషాదం ఏమున్నది? చంపబోయిన చేయి తన గొంతుకే చుట్టుకున్నది.

అదే నేలమీద మరొక దారి కూడా కనబడింది. నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం రైతులు రసాయన మందులు మానేసి, వేపగింజల కషాయం, ఎర పంటలు, దీపపు ఎరలతో పత్తి పండించి, 2004 నాటికి తమ ఊరు పురుగుమందులు లేని ఊరని చాటారు. వారు పురుగులను అసలు చంపలేదని కాదు. అవసరమైనంతవరకే ఆపి, మిగిలిన పని సాలీడుకు, పిట్టకు వదిలారు. 1762 నాటి గోరువంక పాఠమే అది. డి.డి.టి. విషయంలోనూ లోకం చివరకు ఈ నిర్ణయానికే వచ్చింది. 2001లో స్టాక్‌హోమ్‌లో కుదిరిన ఒడంబడికలో పొలాలకు దాన్ని నిషేధించి, రోగాలు మోసే దోమలమీద మాత్రం తప్పనిసరైనచోట వాడుకోనిచ్చారు.

కనుక మా మనవడికి మర్నాడు నేనిచ్చిన జవాబు ఇది. బాబూ, ఆటకోసం చంపితే తప్పు. అసహ్యంతో, తీరికతో చంపితే కూడా తప్పే. తోటలో సాలీడు, తూనీగ, తేనెటీగ నీకేమీ చెయ్యవు. వాటి జోలికి పోవద్దు. తూనీగ పిల్లలు నీళ్ళలో దోమ పిల్లలను తింటాయి కూడా. నేను చిన్నప్పుడు దారం కట్టినది మన పక్షాన పోరాడే సైనికుడికేనని తెలిస్తే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది. కాని పసిబిడ్డ ఉయ్యాల మీద వాలిన దోమను కొట్టకపోతే, పోయే ప్రాణం మరొకరిది. అక్కడ ఊరుకుంటే అది దయ కాదు, నిర్లక్ష్యం. చంపకుండా కాపాడుకునే మార్గం ఉంటే ముందు అది చెయ్యి. నిలిచిన నీరు పారబోస్తే దోమ పుట్టనే పుట్టదు. పుట్టనిదాన్ని చంపే పనే లేదు.

వాడు కాసేపు ఆలోచించి, "అయితే నాయనమ్మ తలుపు తియ్యడం తప్పు కాదన్నమాట" అన్నాడు. కాదన్నాను. "మరి దీపం ఎందుకు పెట్టింది?" అని అడిగాడు. తప్పు కాకపోయినా ప్రాణం ప్రాణమేనని ఆమెకు తెలుసు కాబట్టి అన్నాను. ఆ జవాబు సరైనదో కాదో నాకు నిశ్చయంగా తెలియదు. కాని అంతకంటె మంచి జవాబు నాకు దొరకలేదు.

మన ఇళ్ళలో నేడు ఒప్పంద కూలీల జ్ఞాపకాలు పటాలుగా, పాటలుగా మిగిలాయి. రామభజన రాత్రి దీపస్తంభం చుట్టూ అడుగులు వేసేటప్పుడు, ఆ దీపానికి మూగే పురుగులను చూసి మన పిల్లలు తప్పక ప్రశ్నలు అడుగుతారు. అడగనివ్వండి. పాపం అని భయపెట్టి గాని, పురుగే కదా అని కొట్టిపారేసి గాని వారి నోరు మూయించవద్దు. మాండవ్యుని కథా చెప్పండి, 1867 నాటి జ్వరం కథా చెప్పండి. మన తాతముత్తాతలు ఏ ధర్మంతో వచ్చారో, ఏ కష్టంతో బతికారో రెండూ కలిపి తెలిస్తేనే మన పిల్లలకు తమ చరిత్ర తెలిసినట్లు. ఈ ఉగాది శుభసమయాన ప్రతి ఇంటా పెద్దలు అందుకు పూనుకుంటారని ఆశిస్తూ, పూలకుండీల కింది పళ్ళాలలో నీరు పారబోయడం మాత్రం మరువవద్దని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.